వాతావరణ చర్చలలో ఐరోపా పెద్దరికము: బొగ్గుగనుల ప్రాంతపు రైతులు తెలిసికొనదగిన సంగతులు

రామగుండము, గోదావరిఖని ప్రాంతమున బొగ్గుబాయికిని, వరిమడికిని మధ్య అనేకచోట్ల ఒక గట్టు మాత్రమే దూరము. ఈ రెండింటి సంగతియు ఏటేట ఒకమారు, వేల మైళ్ళ దూరమున, ప్రపంచ దేశముల ప్రతినిధులు కూర్చుండి చర్చించుచున్నారు. బొగ్గు కాలినపుడు పుట్టు వాయువును, నీరు నిలిచిన మడి నుండి లేచు వాయువును ఎట్లు తగ్గించవలెననునది ఆ చర్చలలో ముఖ్యాంశము. ముప్పది యేండ్లకు పైగా ఈ సభలలో పెద్దరికము వహింపగోరుచున్నది ఐరోపా సమాఖ్య. అది నేడు 27 దేశముల కూటమి. ఆ పెద్దరికము ఒకే తీరున లేదు. మొదట తాను తగ్గించి చూపెదనన్నది. పిమ్మట చిన్న దేశములను కూడగట్టినది. ఇప్పుడు తన రేవులలో దిగు సరకునకు లెక్క అడుగుచున్నది. అదే సమయమున తన యింటిలో కొంత వెనుకంజ వేయుచున్నది. ఈ మార్పులలో ఏది మన మండలములకు చేరును, ఏది చేరదు అనునది తెలిసియున్నచో, రేపు ఎవరైనను ఒప్పంద పత్రము చేతబట్టుకొని గ్రామమునకు వచ్చినపుడు ఏమి అడుగవలెనో రైతులకును, గ్రామాధికారులకును తెలియును.

రెండు వాయువులు

బొగ్గులో ప్రధానమైన పదార్థము కర్బనము. అది కాలినపుడు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి కార్బన్ డయాక్సైడు అను బొగ్గుపులుసు వాయువగును. ఒక టన్ను బొగ్గు కాలినచో, దాని నాణ్యతను బట్టి, టన్నున్నర ప్రాంతము ఈ వాయువు పుట్టును. టన్ను నుండి టన్నున్నర ఎట్లు వచ్చునని కొందరు అడుగుదురు. గాలిలోని ప్రాణవాయువు బరువు కూడ అందులో చేరుటయే కారణము. ఇక వరిమడి సంగతి. నీరు నిలిచిన బురదలోనికి గాలి చొరదు. గాలి లేనిచోట బ్రతుకు సూక్ష్మజీవులు కుళ్ళిన కొయ్యకాళ్ళను, పెంటను తిని మీథేను అను వాయువును విడుచును. నూరేండ్ల లెక్కన చూచినచో, కిలో మీథేను భూమిని వేడెక్కించుటలో 28 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానము. కావుననే బొగ్గును గురించి మొదలైన చర్చ వరి వరకు వచ్చినది.

బొగ్గుతో పుట్టిన కూటమి

నేడు బొగ్గు మానుడని ప్రపంచమునకు చెప్పుచున్న ఈ కూటమి బొగ్గు పేరు మీదనే పుట్టినదని చాలమందికి తెలియదు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియము, నెదర్లాండ్సు, లక్సెంబర్గు అను ఆరు దేశములు తమ బొగ్గును, ఉక్కును ఉమ్మడి యాజమాన్యము క్రిందికి తెచ్చుటకు 1951లో ప్యారిస్ నగరమున ఒప్పందము చేసికొనినవి. అప్పటికి మన సింగరేణి కంపెనీ పుట్టి ముప్పదియేండ్లయినది. ఆ బొగ్గు, ఉక్కు సంఘమే క్రమముగ పెరిగి నేటి ఐరోపా సమాఖ్యయైనది. ఐరోపాకు బొగ్గును విడుచుట ఎంత కష్టమో, ఎంత కాలము పట్టునో చెప్పుటకు దాని చరిత్రయే చాలును. ఆ సంగతి ముందు వచ్చును.

1992లో బ్రెజిలు దేశపు రియో నగరమున వాతావరణ ఒడంబడికపై దేశములు సంతకములు చేసినవి. ఇందలి మూలసూత్రము మన రైతులకు కొత్త కాదు. చెరువు అందరిది, కాని ఎక్కువ నీరు వాడుకొనినవాడు మరమ్మతులో ఎక్కువ వంతు భరించవలెను. ఏండ్ల తరబడి బొగ్గు కాల్చి ధనవంతములైన దేశములు ముందుగా తగ్గించవలెను. వెనుకబడిన దేశములు తమ శక్తి కొలది చేయవలెను. నేటికిని మనిషికి సాలీనా ఎంత బొగ్గుపులుసు వాయువు అని లెక్క వేసినచో భారతదేశమున సుమారు 2 టన్నులు, ఐరోపా సమాఖ్యలో 5 టన్నులకు పైన తేలును. ఈ లెక్కను మన ప్రతినిధులు ప్రతి సభలోను ముందుంచుచున్నారు.

1997 డిసెంబరులో జపాను దేశపు క్యోటో నగరమున జరిగిన సభకు ఐరోపా, ధనిక దేశములన్నియు 15 శాతము తగ్గించవలెనను ప్రతిపాదనతో వెళ్ళినది. చివరకు తనకు 8, అమెరికాకు 7, జపానుకు 6 శాతమని కుదిరినది. అప్పటి 15 సభ్యదేశములు ఆ 8 శాతమును తమలో తాము పంచుకొనిన తీరు చూడదగినది. నీరు తక్కువైన యేట ఆయకట్టు రైతులు వంతులు వేసికొనినట్లు, జర్మనీ 21 శాతము, బ్రిటను 12.5 శాతము తగ్గించుటకు ఒప్పుకొనినవి. పేద దేశములైన పోర్చుగలు 27, గ్రీసు 25 శాతము పెంచుకొనుటకు అనుమతి పొందినవి. జర్మనీకి ఇది సాధ్యమగుటకు తూర్పు జర్మనీలోని పాత ఫ్యాక్టరీలు 1990 తర్వాత మూతబడుట ఒక కారణము. బ్రిటను అప్పటికే బొగ్గు మాని సముద్రపు గ్యాసు వాడుటకు మొదలిడినది. అనగా ఐరోపా చూపిన ఆదర్శములో చిత్తశుద్ధితో పాటు అదృష్టము కూడ కలదు. 2001లో అమెరికా ఈ ఒప్పందమును విడిచినది. ఐరోపా పట్టు విడువక రష్యాను ఒప్పించగా, 2005 ఫిబ్రవరి 16న క్యోటో ఒప్పందము అమలులోనికి వచ్చినది. ఐరోపా పెద్దరికమునకు అదియే మంచి కాలము.

తలుపు వెలుపల నిలిచిన పెద్ద

ఆ పెద్దరికమునకు దెబ్బ తగిలినది 2009 డిసెంబరులో, ఐరోపా గడ్డ మీదనే, డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగనులో. 2020 నాటికి 20 శాతము తగ్గించెదము, ఇతరులు కలిసివచ్చినచో 30 చేసెదము అని ఐరోపా ముందుగనే ప్రకటించి సభకు వచ్చినది. కాని చివరి రాత్రి అసలు ఒప్పందము కుదిరిన గదిలో ఐరోపావారు లేరు. అమెరికా అధ్యక్షుడు ఒకవైపు, భారత్, చైనా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా నాయకులు మరియొకవైపు కూర్చుండి పత్రము తయారుచేసిరి. భారతదేశము తరపున ప్రధాని మన్మోహన్ సింగు, పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ అందులో నుండిరి. జైరాం రమేశ్ అప్పుడు ఆంధ్రప్రదేశ్ నుండి రాజ్యసభకు ఎన్నికైన సభ్యుడు. ముందుగా తన చేతిలోని ముక్కలన్నియు చూపినవానిని బేరమునకు పిలువవలసిన అవసరము ఎవరికుండును? అంగడిలో పశువుల బేరము తెలిసినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

ఐరోపా పాఠము నేర్చుకొనినది. 2011లో దక్షిణాఫ్రికాలోని డర్బనులో సముద్రమున మునిగిపోవు భయము గల చిన్న దీవుల దేశములను, మిక్కిలి పేద దేశములను తనతో కలుపుకొని, అన్ని దేశములకును వర్తించు ఒప్పందము కావలెనని పట్టుబట్టినది. ఐరోపా ప్రతినిధి కోనీ హెడగార్డుకును, మన పర్యావరణ మంత్రి జయంతీ నటరాజనుకును అక్కడ గట్టి వాదము జరిగినది. పేదలకును ధనికులకును ఒకే కొలత పెట్టరాదని మన మంత్రి వాదించిరి. సభ మధ్యలోనే నిలుచుండి మాటలాడుకొని, ఉభయులు ఒప్పుకొనదగిన మాట వ్రాసికొనవలసి వచ్చినది. ఆ దారినే 2015 డిసెంబరు 12న ప్యారిస్ ఒప్పందము వచ్చినది. అందులో ఎవరి వంతును వారే ప్రకటించుకొనవచ్చును; ప్రతి అయిదేండ్లకు పెంచవలెను. ఇది క్యోటో వలె పైనుండి విధించిన శిస్తు కాదు. ఐరోపా మొదట కోరినది శిస్తు, దొరికినది ఇది. అయినను దేశములను కూడగట్టి తెచ్చిన గౌరవము దానికే దక్కినది. మన దేశము 2016 అక్టోబరు 2న దీనిని ఆమోదించినది. 2021లో గ్లాస్గో సభలో 2070 నాటికి నికర ఉద్గారములు సున్నకు తెచ్చెదమని మన ప్రధాని ప్రకటించిరి. ఆ సభలోనే బొగ్గును పూర్తిగా మానుట అను మాటను క్రమముగ తగ్గించుట అని మార్పించినది కూడ మన దేశమే. గోదావరిఖనిలో వేలాది కుటుంబములు బాయి పని మీద బ్రతుకుచుండగా, ఆ ఒక్క మాట మార్పు చిన్నది కాదు.

రేవులో అడుగు లెక్క

2019 డిసెంబరులో ఐరోపా ‘హరిత ఒప్పందము’ అను కార్యక్రమమును ప్రకటించినది. 1990 నాటి లెక్కతో పోల్చి 2030 నాటికి 55 శాతము తగ్గించుట, 2050 నాటికి నికరమున సున్న చేయుట అనునవి 2021లో చట్టములో చేరినవి. అప్పుడొక చిక్కు వచ్చినది. ఐరోపాలో ఉక్కు చేయు ఫ్యాక్టరీ తాను విడుచు ప్రతి టన్ను వాయువునకు పత్రము అప్పగింపవలెను. ఆ ధర 2025లో 60 యూరోలకు పైన నుండెను. బయటి దేశపు ఉక్కునకు ఆ ఖర్చు లేదు. కావున బయటి సరకు రేవులో దిగునపుడు అంతే మొత్తము రాబట్టుటకు సరిహద్దు కర్బన సుంకము పెట్టిరి. 2023 అక్టోబరు 1 నుండి లెక్కలు మాత్రము అడిగిరి. 2026 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చినది. ఇనుము, ఉక్కు, అల్యూమినియము, సిమెంటు, ఎరువులు, విద్యుత్తు, హైడ్రోజను దీని క్రిందికి వచ్చును.

ఈ జాబితాలో ఎరువులు, సిమెంటు, విద్యుత్తు అను మాటలు చూచి మన ప్రాంతపువారు కలవరపడవచ్చును. ఆ మూడును ఇక్కడ తయారగుచున్నవే. నెమ్మదిగా చూచినచో భయము తగ్గును. రామగుండము ఎరువుల కర్మాగారము పూర్వము బొగ్గుతో నడచి 1999లో మూతబడినది. 2021 నుండి గ్యాసుతో మరల నడచుచు, సాలీనా 12.7 లక్షల టన్నుల వేపపూత యూరియా చేయు శక్తి కలిగియున్నది. ఆ యూరియా మన పొలములకే పోవుచున్నది, ఐరోపాకు కాదు. బసంత్‌నగర్ సిమెంటును కొనువారు కూడ మన దేశమువారే. ఎన్.టి.పి.సి. విద్యుత్తు సముద్రము దాటదు. సింగరేణి బొగ్గు సాలీనా సుమారు 7 కోట్ల టన్నులు. అదియు స్వదేశపు విద్యుత్ కేంద్రములకు, ఫ్యాక్టరీలకు పోవునదే. కావున ఐరోపా సుంకము సూటిగ మన ప్రాంతమును తాకదు. తాకునది ఐరోపాకు ఉక్కు, అల్యూమినియము అమ్ము కర్మాగారములను.

అయినను చుట్టు తిరిగి వచ్చు దారి ఒకటి కలదు. ఒక దేశము తన ఫ్యాక్టరీల నుండి తానే కర్బనపు వెల వసూలు చేసినచో, ఆ మేరకు రేవులో తగ్గించెదమని ఐరోపా నియమములో నున్నది. సొమ్ము పరాయి ఖజానాకు పోవుటకంటె మన ఖజానాకు చేరుట మేలు గదా. 2023లో మన ప్రభుత్వము కర్బన పత్రముల వ్యాపార పథకమును ప్రకటించుటకు గల కారణములలో ఇది యొకటి. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియము మొదలగు కొన్ని పరిశ్రమలకు పరిమితులు విధించినారు. విద్యుత్ కేంద్రములను అందులో చేర్చలేదు. ఒకనాడు చేర్చినచో బొగ్గు విద్యుత్తు వెల పెరుగును. కోపెన్‌హేగనులో మాటతో సాధింపలేనిదానిని ఐరోపా ఈ విధముగ బజారు ద్వారా సాధించుచున్నది. ఇది ఒడంబడికలోని వంతుల సూత్రమునకు విరుద్ధమని మన దేశము అభ్యంతరము చెప్పుచునే యున్నది. నాకు ఆ అభ్యంతరము న్యాయముగనే తోచును. కాని అభ్యంతరము చెప్పుచు లెక్క కూడ సిద్ధము చేసికొనుట మన ప్రభుత్వము చేసిన తెలివైన పని.

ఇదే తీరున అడవులు నరికి పండించిన కాఫీ, రబ్బరు, సోయా, కలప మొదలగువానిని తన దేశములలో అమ్మరాదని ఐరోపా 2023లో మరియొక చట్టము చేసినది. అరకు కొండలలో కాఫీ పండించు గిరిజన రైతు తన తోట ఎక్కడున్నదో అక్షాంశ, రేఖాంశములతో సహా చూపవలసి వచ్చును. ఈ చట్టము అమలు 2024 డిసెంబరు నుండి 2025కు, అక్కడి నుండి 2026 డిసెంబరుకు వాయిదా పడినది. తొందరపడి సిద్ధమైనవారు వేచియుండవలసి వచ్చినది. సిద్ధము కానివారికి గడువు దొరికినది.

ఇంటిలో వెనుకంజ

ఈ వాయిదాలు ఊరకనే రాలేదు. 2022లో రష్యా, యుక్రెయిన్ యుద్ధము వలన గ్యాసు రాకడ తగ్గగా జర్మనీ పక్కన పెట్టిన బొగ్గు విద్యుత్ కేంద్రములను కొంతకాలము తిరిగి వాడుకలోనికి తెచ్చినది. గ్లాస్గోలో మనకు చేసిన బోధ గుర్తున్నవారికి ఇది వింతగ తోచినది. 2024 ఆరంభమున ఐరోపా రైతులు ట్రాక్టర్లతో నగరముల దారులు మూసివేసిరి. డీజిలు ధర, చౌక దిగుమతులు, పర్యావరణ నియమముల భారము వారి ఫిర్యాదులు. ఆ వెంటనే పురుగుమందుల వాడకమును సగము చేయు చట్టము ముసాయిదాను ఐరోపా ఉపసంహరించుకొనినది. వ్యవసాయము నుండి వాయువులు 30 శాతము తగ్గవలెనను లెక్కను 2040 ప్రతిపాదన నుండి తీసివేసినది. అక్కడి రైతు సంఖ్యలో తక్కువయినను కట్టుగ నున్నాడు.

2025 నవంబరులో, బ్రెజిలులోని బెలెం సభ ఆరంభమగుటకు కొద్ది రోజుల ముందు, సభ్యదేశముల మంత్రులు రాత్రంతయు కూర్చుండి 2040 నాటికి 90 శాతము తగ్గించుటకు ఒప్పుకొనిరి. కాని ఒక మినహాయింపు పెట్టుకొనిరి. అందులో 5 శాతము వరకు 2036 నుండి ఇతర దేశములలో కొనిన కర్బన పత్రములతో చెల్లుబాటు చేసికొనవచ్చును. బెలెంలో చమురు, బొగ్గులను విడుచుటకు ఒక దారి పటము కావలెనని ఐరోపా కోరినది. అది తుది పత్రములో చేరలేదు. అమెరికా 2025 జనవరిలోనే ప్యారిస్ ఒప్పందమును మరల విడుచుచున్నట్లు ప్రకటించినందున ఐరోపాకు పక్కబలము కూడ తగ్గినది. ఆ 5 శాతము మాట మన వరిమడి గట్టు వరకు రాగలదు. దానిని చెప్పుటకు ముందు బాయిల సంగతి కొంత చెప్పవలెను.

బాయి మూతబడినపుడు నీరు

జర్మనీలోని రూర్ లోయ మన గోదావరిఖని వంటిదే, కాని చాల పెద్దది. 1950 దశకమున జర్మనీ బొగ్గుగనులలో ఆరు లక్షల మంది ప్రాంతము పనిచేసిరి. చివరి లోతు గని బొట్రాప్ పట్టణమున 2018 డిసెంబరు 21న మూతబడినది. ఇది వాతావరణ సభల తీర్మానమువలన జరిగినది కాదు. దిగుమతి బొగ్గు చౌకగుటయే కారణము. గమనింపదగినది వ్యవధి. మూసివేతకు 2007లోనే నిశ్చయించి, 11 సంవత్సరములు ముందుగ చెప్పి, కార్మికులను ఇతర పనులకు, ముందస్తు పింఛనుకు పంపిరి. పోలండు బొగ్గుగనులకు కార్మిక సంఘములతో 2021లో కుదిరిన ఒప్పందము ప్రకారము 2049 వరకు గడువున్నది. గనుల ప్రాంతముల కొరకు ఐరోపా ఏర్పరచిన నిధి, 2018 ధరల లెక్కన, 1,750 కోట్ల యూరోలు. ఇంత ధనము, ఇంత వ్యవధి తమకు ఇచ్చుకొనినవారు ఇతరులకు ఏమి ఇచ్చుచున్నారని అడుగుట తప్పు కాదు.

రూర్‌లో మరియొక సంగతి మన రైతులకు ఎక్కువ పనికివచ్చును. బొగ్గు తీసిన చోట్ల నేల క్రుంగినది. పంపులు ఆపినచో ఊళ్ళు నీట మునుగును, గని నీరు మంచినీటి ఊటలలో కలియును. కాబట్టి బొగ్గు ఆగినను పంపులు ఎన్నటికిని నడువవలసినదే. ఆ ఖర్చుకై ప్రత్యేకముగ ఒక నిధి సంస్థను ఏర్పరచిరి. మన ప్రాంతమున పరిస్థితి తలక్రిందులు. బాయిల నుండి తోడి పోసిన నీరు పక్క గ్రామముల కుంటలకు, చెరువులకు చేరుచున్నది. ఆ నీటితో యాసంగి నాట్లు వేయువారున్నారు. బొగ్గు అయిపోయి బాయి మూతబడిన నాడు పంపు ఆగును. పంపు ఆగిన నాడు కుంట ఎండును. ఏ సభ తీర్మానించినను, తీర్మానింపకున్నను ఇది జరుగునది. ఎందుకనగా గనికి ఆయువు కలదు.

గని మూసివేత ప్రణాళిక, దానికై ముందుగ జమచేయవలసిన సొమ్ము అనునవి మన దేశమునను తప్పనిసరియైయున్నవి. మీ గ్రామమునకు నీరు వచ్చు బాయి ఎప్పటి వరకు నడచును, మూసిన పిమ్మట నీరు, ఓపెన్‌కాస్టు గోతులు, మట్టిగుట్టలు ఏమగును అని గ్రామసభలో అడిగి, సమాధానమును తీర్మానపు పుస్తకములో వ్రాయించవలెను. పంచాయతీ కార్యదర్శులు బాయి నీటిపై ఆధారపడిన సర్వే నంబర్లను, ఎకరములను ఇప్పుడే గుర్తించి ఉంచినచో, పరిహారమో ప్రత్యామ్నాయపు నీరో అడుగునాడు ఆ కాగితము పనికివచ్చును. కౌలుదారుల పేర్లు కూడ అందులో చేర్చవలెను. నీరు ఆగినపుడు మొదట నష్టపోవునది వారే. ఆ కుంటల క్రింద ఇప్పటినుండియే కొంత భూమిలో యాసంగికి మొక్కజొన్న, పెసర, నువ్వు వంటి ఆరుతడి పంటలను అలవాటు చేసికొనుట మేలు.

వరిమడిలో కర్బన పత్రము

ఇక ఆ 5 శాతము సంగతి. కర్బన పత్రమనగా, ఎక్కడనో ఒకచోట ఒక టన్ను వాయువు గాలిలోనికి పోకుండ ఆపినట్లు ధ్రువపరచు కాగితము. దానిని కొనినవాడు ఆ టన్నును తన లెక్కలో తగ్గించి చూపుకొనును. ఇది కొత్తది కాదు. క్యోటో ఒప్పందము క్రింద ఇట్టి పత్రములను అందరికంటె ఎక్కువగ కొనినది ఐరోపాయే. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో వరిఊక, పంట వ్యర్థములతో నడచు విద్యుత్ కేంద్రములు పెక్కు ఈ పథకమున చేరినవి. 2008లో పత్రము ధర 10 యూరోలకు మించియుండెను. పిమ్మట పత్రములు అధికమైనవి. ఐరోపాలో వ్యాపారము మందగించినది. కొన్ని రకములను ఐరోపా నిషేధించినది. 2012 చివరకు ధర ఒక్క యూరోకు దిగువకు పడిపోయినది. 2021 నుండి తన బజారులో బయటి పత్రములు చెల్లవన్నది. ఇప్పుడు 2036 నుండి మరల కొనెదనన్నది. తలుపు తెరచుట, మూయుట, మరల తెరచుట అంతయు కొనువాని ఇష్టము. అమ్మువాని చేతిలో ఏమియు లేదు.

2021లో ఐరోపా, అమెరికా కలిసి మీథేనును 2030 నాటికి 30 శాతము తగ్గించు ప్రతిజ్ఞను ప్రారంభించినవి. వరి, పశువులు చిన్న రైతు జీవనాధారములు కనుక మన దేశము అందులో చేరలేదు. ప్రభుత్వము చేరకున్నను కంపెనీలు చేరుచున్నవి. వరిలో నీరు ఆరగట్టు పద్ధతి పాటించిన రైతు పేర పత్రములు పుట్టించి అమ్మెదమని, కొంత సొమ్ము రైతుకిచ్చెదమని అనేక సంస్థలు దేశమున తిరుగుచున్నవి. అందరును మోసగాండ్రు కారు. కాని లెక్క మీరే వేసి చూడుడు. మన దేశమున ఎల్లప్పుడు నీరు నిలుపు వరిమడి నుండి ఒక పంటకు ఎకరమునకు సుమారు 65 కిలోల మీథేను లేచునని అంచనా. నీరు ఆరగట్టుటచే సగము తగ్గినదనుకొన్నను 32 కిలోలు. దానిని 28 చేత హెచ్చించిన 900 కిలోల లోపు. అనగా ఎకరము వరికి ఒక పంటలో ఒక్క పత్రము కూడ నిండదు. అందులో కొలతల ఖర్చు, ధ్రువపరచు సంస్థ రుసుము, కంపెనీ లాభము పోగా మిగిలినది రైతుది. 2024లో చైనాలోని 37 వరి పథకములు నిబంధనలు పాటింపలేదని వెరా అను ధ్రువీకరణ సంస్థ తిరస్కరించినది.

పద్ధతి మాత్రము మంచిది. పత్రము వచ్చినను రాకున్నను నీరు, కరెంటు కలిసివచ్చును. అడుగు పొడవు, 4 నుండి 6 అంగుళముల వెడల్పు గల ప్లాస్టిక్ గొట్టమును తీసికొని క్రింది సగమునకు చుట్టును రంధ్రములు చేయవలెను. ఆ సగమును మడిలో పాతి, లోపలి మట్టిని తీసివేయవలెను. నాటిన రెండు వారముల వరకు కలుపు లేవకుండ నీరు నిలుపవలెను. ఆ పిమ్మట గొట్టములో నీరు నేలమట్టమునకు 6 అంగుళములు దిగినపుడే మరల 2 అంగుళములు పెట్టవలెను. పూతకు వారము ముందు నుండి పూత అయిన వారము వరకు మడి ఆరనీయరాదు. యూరియాను నీరు పెట్టుటకు ముందు, ఆరిన నేలపై, విడతలుగ వేయవలెను; ఎక్కువ వేసి ఆరబెట్టుచు తడుపుచున్నచో నైట్రస్ ఆక్సైడు అను మరింత చెడ్డ వాయువు లేచును, డబ్బును గాలికి పోవును. బోరు క్రింద యాసంగి వరికి ఈ పద్ధతి బాగుగ నప్పును. కాలువ చివరి భూములలో నీరు ఎప్పుడు వచ్చునో తెలియనిచోట, వానకాలమున ఊటపట్టు పల్లపు మడులలో, లోతుగ నెఱ్ఱెలు తీయు నల్లరేగడిలో దీనిని బలవంతము చేయవద్దు.

కర్బన పత్రముల ఒప్పందముతో ఎవరైనను వచ్చినచో, సంతకమునకు ముందు విస్తరణాధికారిని పిలిచి రైతు వేదికలో అందరి యెదుట చదివించుడు. పత్రము ఎవరి పేర పుట్టును, ఎన్ని సంవత్సరములు కట్టుబడవలెను, ధర పడిపోయిన నాడు రైతుకు రావలసినది ఎంత, ఒక పంట వరి మాని మొక్కజొన్న వేసినచో జరిమానా ఉన్నదా, మధ్యలో విడుచుటకు వీలున్నదా అని అడుగవలెను. పట్టాదారుకు సొమ్ము పోయి, గట్టున నిలిచి నీరు ఆపిన కౌలు రైతుకు ఏమియు రాకుండ పోవుట జరుగవచ్చును. ఆ సంగతి ముందే వ్రాయించవలెను. పాసుపుస్తకము నకలు, ఫోనులో వచ్చు అంకెలు ఇచ్చుటకు తొందరపడవద్దు. ఒప్పందము ఇంగ్లీషులో మాత్రమే యున్నచో తెలుగు ప్రతిని అడిగి తీసికొని, ఇంటికి కొనిపోయి చదివిన పిమ్మటనే సంతకము మాట.